బెల్లం పొయ్యి మీద అమెరికా కారు

మొన్న మా ఆయనా నేనూ నిజామాబాద్‌లో కొత్త కారు చూడడానికి పోయాం. షోరూంలో టై కట్టుకున్న ఒక పిల్లగాడు మా ఆయనతో ఇంజన్ గురించి, మైలేజీ గురించి చాలాసేపు మాట్లాడాడు. నేనక్కడ ఉన్నట్టే వానికి పట్టలేదు. చివరికి నన్నొక మూలకు తీసుకుపోయి, కోడిగుడ్డంత కారొకటి చూపించి, "మేడమ్, ఇది మీకోసం. ఆటోమేటిక్. క్లచ్చుండదు, గేర్లు మార్చే పని లేదు. లేడీస్‌కు చాలా ఈజీ. మన దగ్గరికి ఇప్పుడిప్పుడే వస్తున్న టెక్నాలజీ" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. "నాయనా, నీ టెక్నాలజీని మా మేనత్త బోధన్‌లో మీ నాయన లాగు తొడుక్కోకముందే నడిపింది. నడపడమే కాదు, దాంట్లో ఆముదం పోసి చెడగొట్టింది. చెడగొట్టి, ఇంటి దొడ్లోనే ఇంకోటి ఎక్కించుకుంది. ఇగ చెప్పు, ఏది కొత్త?" అన్నాను. వాడు జోకనుకుని నవ్వాడు. నేను వాదన మొదలుపెట్టినప్పుడల్లా చేసినట్టే మా ఆయన పైకప్పు వంక చూశాడు. ఇద్దరి ముఖాలూ చూశాక, ఈ సంగతి ఎక్కడన్నా రాసి పెట్టకపోతే మా అత్త సంగతి ఎవరూ నమ్మరని తోచింది.

మాది ధర్పల్లి దిక్కు పల్లె. అప్పట్లో అక్కడ ఆడపిల్ల పెద్ద బడి చదవాలంటే ఊరు విడవాల్సిందే. మా బాపు నన్ను బోధన్‌లో ఉన్న తన అక్క సత్తెమ్మ దగ్గర వదిలి వచ్చాడు. ఆమెకు పిల్లలు లేరు. "చదువుకోనీకి వచ్చినవా, నాతోని కొట్లాడనీకి వచ్చినవానే?" అని అడుగుతుండేది. "రెండిటికీ" అనేదాన్ని. ఆ మాట ఆమెకు నచ్చేదని నాకు తెలుసు. ఇంట్లో ఆమెకు ఎదురు చెప్పే మనిషి అంతకుముందు లేరు. మామ ఉన్నాడు గానీ, ఎదురు చెప్పడం ఆయనకు చేతనయ్యే పని కాదు. పొద్దున రేడియోలో వార్తలు విని, సాసర్లో చాయ్ పోసుకుని ఊదుకుంటూ, పోచంపాడు దగ్గర గోదావరికి కడుతున్న ఆనకట్ట గురించి తనే దగ్గరుండి రాళ్లు మోయించినట్టు వచ్చినవాళ్లకల్లా చెప్పేవాడు. మంచివాడు. చెరుకు పండించేవాడు, నలుగురి చెరుకు బండ్లు చక్కెర ఫ్యాక్టరీకి తోలించేవాడు.

బోధన్ వాసన గురించి చెప్పకపోతే ఈ కథ నిలవదు. చెరుకు ఆడే కాలంలో ఫ్యాక్టరీ పొగగొట్టం ఊరంతటి మీద ఉడికిన రసం వాసన కప్పేది. కొత్తలో నోరూరేది. తర్వాత కడుపులో తిప్పేది. ఆ తర్వాత తెలిసేదే కాదు. సెలవులకు మా ఊరికి పోతే అక్కడి గాలి ఉప్పెయ్యని కూరలాగా చప్పగా తగిలేది. అత్త ఇల్లు ఊరి చివర. ముందు వాకిలి, వెనుక పెద్ద దొడ్డి, దొడ్డిలో ఎడ్ల కొట్టం, దాని పక్కన బెల్లం వండే పొయ్యి. ఆ పొయ్యిని మీరు వంటింటి పొయ్యి అనుకోవద్దు. మనిషి దిగి నిలబడేంత లోతుగా, మంచమంత పొడుగుగా నేలలో తవ్విన గుంత. దాని మీద పెద్ద ఇనుప పెనం పెట్టి, కింద పిప్పి మండించి, రసం కాచేవాళ్లు. ఫ్యాక్టరీకి పోగా మిగిలిన చెరుకుతో ఇంటికి సరిపోయేంత బెల్లం అక్కడే అయ్యేది. కాలం దాటినాక ఆ గుంత ఖాళీగా, నల్లగా, కాలిన చక్కెర వాసనేస్తూ పడి ఉండేది.

అత్తకు చిన్నతనంలో జ్వరమొచ్చి ఎడమ కాలు సన్నబడిపోయింది. కర్ర పట్టుకుని ఇంట్లో తిరిగేది గానీ దూరం నడవలేదు. పొద్దున్నే పొయ్యి ముందు పీటేసుకుని, ఆ కాలు ముందుకు చాపుకుని, జొన్నరొట్టెలు చరిచేది. ఆ పీట మీద నుంచే ఇల్లంతా నడిపేది. కొట్టంలో ఎద్దు కుడితి తాగలేదంటే చరుపుడు ఆగకుండానే తెలిసిపోయేది ఆమెకు. తెలివికేం తక్కువ లేదు, గొంతుకేం తక్కువ లేదు. తక్కువైందల్లా ఒకటే. ఊరవతల చెరుకు తోట చూడాలంటే బండి కట్టేదాకా కూర్చోవాలి. కట్టినాక, ఇద్దరు జీతగాళ్లు చెరో రెక్క పట్టి ఆమెను బండ్లోకి ఎత్తాలి. ఎత్తేటప్పుడు ఆమె ఒక్క మాట మాట్లాడేది కాదు. ఊరినంతా నోటితో గెలిచే మనిషి అప్పుడు మాత్రం పెదవులు బిగించి, బస్తా లాగా ఊరుకునేది. ఆ మౌనం నాకు నచ్చేది కాదు.

ఇంతలో ఫ్యాక్టరీలో పెద్ద ఆఫీసరొకాయన బదిలీ అయి పోతూ తన అమెరికా కారు అమ్మాడు. పొడుగాటి ఆకుపచ్చ కారు, ముందు పళ్లికిలించినట్టు వెండిరంగు జాలి. ఎవరూ కొనడానికి ముందుకు రాలేదు. క్లచ్చు లేదు, అదే కారణం. రెండే పెడళ్లు, ఒకటి పోవడానికి, ఒకటి ఆగడానికి. స్టీరింగ్ కింద చిన్న కడ్డీ, ముందుకా వెనక్కా అని దానికి చెప్పాలి, మిగిలిన గేర్లన్నీ అదే మార్చుకునేది. నలుగురిలో గొప్పకు మామ కొన్నాడు. కొన్నాక తెలిసింది అసలు సంగతి. జీపు నడిపిన మొగవాళ్లు ఎవరూ దీన్ని నడపలేకపోయారు. లేని క్లచ్చు కోసం ఎడమ కాలు వెతుక్కుని, వెడల్పుగా ఉన్న బ్రేకును దభీమని తొక్కేది. కారు ఉన్నచోట ఆగేది, లోపలున్నవాళ్ల నొసళ్లు అద్దానికి తగిలేవి. మామకు బొప్పి కట్టింది. పెట్టుకున్న డ్రైవరు, "ఇది మనుషులు నడిపే బండి కాదు పటేలా" అని మానేశాడు.

ఒకనాడు మధ్యాహ్నం అత్త నన్ను పిలిచి, "విమలా, జర ఆ తలుపు తెరువ్" అని, కర్ర నా చేతికిచ్చి, స్టీరింగ్ ముందు కూర్చుంది. తొక్కడానికి ఆమెకు కుడి కాలొకటే ఉంది. ఆ కారుకు కావలసిందీ ఒక్క కాలే. ఎడమ కాలు ఎప్పటిలాగే పక్కకు చాపుకుంది. దొడ్లో రెండు చుట్లు తిరిగింది. కోళ్లు గోడెక్కాయి. నెల తిరిగేసరికి కాలువ గట్టు మీద, కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతుల క్యాంపుల మీదుగా, చెరుకు తోట దాకా తానే పోయి వచ్చేది. చెరుకు బండ్ల వాళ్లు ఎడ్లను పక్కకు లాగి, నోరు తెరిచి చూసేవాళ్లు. మామ వెనుక సీట్లో కూర్చుని రేడియో వార్తలు చెప్పేవాడు. నిజం చెప్తున్నా, ఆ ఏడాది అత్త రొట్టెలు కూడా పల్చగా వచ్చేవి. కాదంటారా? తిన్నది నేను, మీరు కాదు.

ఇగ ఆముదం. ఆ గేరుబాక్సులో పోసే నూనె వేరు. ఎర్రగా, పల్చగా, పెళ్లిలో పోసే షర్బత్ లాగా ఉండేది. బొంబాయి నుంచి రావాలి. అది కారి తగ్గిపోయింది. తెప్పిస్తానని మామ రోజుకొకసారి అంటున్నాడు. అత్తకు ఓపిక లేదు. ఎడ్లబండి ఇరుసుకు ఆముదం పోస్తే ఎంత బరువేసినా కూత పెట్టదు, ఇది కూడా బండే కదా అని ఆమె లెక్క. నేను బడిలో చదివిన సైన్సంతా చెప్పి వద్దన్నాను. "మీ సైన్సు సారు ఎన్ని బండ్లకు కందెన పెట్టిండు?" అంది. మా ఇంట్లో ఆడించిన ఆముదం, కుండెడు, దాంట్లో పోసింది. మొదట్లో బాగానే నడిచింది. "చూసినవా?" అంది నాతో. తర్వాత ఎక్కడ ఆగినా తలంటు పోసుకున్న ఇంటి వాసన. ఆ తర్వాత మాడిన వాసన. చివరికొకరోజు ఇంజన్ పులిలా గర్జించింది గానీ చక్రం కదల్లేదు. ఎడ్లను కట్టి ఇంటికి లాక్కొచ్చారు. ఎడ్లు లాగుతున్న అమెరికా కారులో మా అత్త స్టీరింగ్ పట్టుకుని, తల ఎత్తుకుని, ఇదంతా తన ఏర్పాటే అన్నట్టు కూర్చుంది.

"నువ్వే చెడగొట్టినవ్ గద" అన్నాడు మామ, పెళ్లయినాక మొదటిసారి చేతికి చిక్కిందన్న సంబరంతో.

"నేనేం చెడగొట్టలె. మన ఊరికొచ్చి మన నూనె తాగనంటె తప్పు దానిది" అంది అత్త. చచ్చేదాకా ఆమె ఆ మాట మీదే ఉంది.

బస్టాండు వెనుక లారీలు బాగుచేసే హుస్సేన్ మేస్త్రీని పిలిపించారు. ఎచ్చులకు పెట్టింది పేరు. హైదరాబాద్‌లో ఏ నవాబు కారు దగ్గినా తనకే కబురొచ్చేదని చెప్పుకునేవాడు. కారు కింద దూరి, బయటికొచ్చి, చేతులు వాసన చూసుకుని, "పటేలా, కారుకు తలకు పెట్టింది ఎవరు?" అన్నాడు. మామ అత్త వంక చూశాడు. మేస్త్రీ చేతులు తుడుచుకున్నాడు. "లారీదైతే కండ్లు మూసుకొని విప్పుత. దీని కడుపుల ఏమున్నదో అల్లాకే ఎరుక. విప్పితె మల్ల మూసెటోడు బొంబాయిల గూడ దొరకడు. తీసి పారేసి జీపు గేరుబాక్సు ఏద్దాం. క్లచ్చు పెడత. గుర్రం లెక్క ఉరుకుతది."

మామ ముఖం వెలిగింది. "గదే మంచిది. డ్రైవర్ను పెడత. నువ్వు వెనుక దొరసాని లెక్క కూసో సత్తెమ్మా."

అత్త రొట్టె పెనం మీదేసి, తిప్పేసి, తీసి, అప్పుడు మాట్లాడింది. "కూసునేదే అయితె ఇంట్ల పీట లేదా?"

"అది గాదు..."

"ఇనుండ్రి. క్లచ్చు తొక్కనీకి కాలు ఏడికెల్లి తేవాలె నేను? డ్రైవరొచ్చేదాక కూసోవాలె. వాడు బీడీ తాగొచ్చేదాక కూసోవాలె. వాని పెండ్లాం పురుడుకు పోతె మల్ల బండి కట్టాలె, మల్ల నన్ను ఎత్తి ఏస్తరు. కారు మీకు గొప్పకు. నాకు కాలు." మామ సాసర్ కింద పెట్టాడు. ఆయనకు భార్య అంటే ప్రేమ లేకపోలేదు. ఆమె నడిపే కారులో వెనుక కూర్చుని ఫ్యాక్టరీ గేటు దాటేటప్పుడు వినబడే నవ్వులు ఆయన ఎన్నడూ ఇంట్లో చెప్పలేదు, అంతే.

అత్త మేస్త్రీ వైపు తిరిగింది. "నిన్ను కడుపు విప్పుమని ఎవడన్నడు? మొత్తంగ తియ్, మొత్తంగ ఇంకోటి పెట్టు. కోడిని మార్చెటప్పుడు కడుపు కోసి చూస్తమా?"

"ఇంకోటి ఏడున్నదక్కా?"

"అది చెప్పనీకే గద నిన్ను పిలిచింది. ఎచ్చులు ఊకనే చెప్తున్నవా?"

దెబ్బ తగిలింది. మేస్త్రీ బుర్ర గోక్కుని, వర్ని ఊరికి పోయే తొవ్వలో ఒక పాత జాగీర్దారు బంగ్లా ఉందనీ, ఆయన పోయినాక బేగం ఒక్కతే ఉంటుందనీ, కొట్టంలో అచ్చు ఇలాంటి కారే ఉందనీ చెప్పాడు. దాని ఇంజన్ ఎన్నడో పీకి పిండి గిర్నీకి పెట్టారు. గేరుబాక్సు దేనికీ పనికిరాదని వదిలేశారు. మామ బేరానికొచ్చాడు. అది తెచ్చి పెడితే సరే, అది కూర్చోకపోతే మారుమాట లేకుండా జీపుదే పెట్టాలి. అత్త ఒప్పుకుంది. మేస్త్రీ ఆ సాయంత్రమే ఒక జీపు గేరుబాక్సు తెచ్చి, దొడ్లో గోనెసంచి కప్పి పెట్టాడు. అటు పోయినప్పుడల్లా అత్త దాన్ని సవతిని చూసినట్టు చూసేది.

బేగం దగ్గరికి ఎడ్లబండిలో పోయాం. జీతగాళ్లు ఎత్తారు. అత్త తొవ్వ పొడుగునా మాట్లాడలేదు. ఆ బంగ్లా గోడలకు గడ్డి మొలిచింది. బేగం మాత్రం తెల్లటి దుస్తుల్లో, పాన్‌దాన్ ముందేసుకుని, ఇంకా జాగీరు నడుస్తున్నట్టే కూర్చుని ఉంది. కొట్టంలో కారుంది, నిజమే. వెనుక సీట్లో ఒక కోడి గుడ్లు పొదుగుతోంది. మమ్మల్ని చూసి అది లేవలేదు.

"కారు నువ్వు నడుపుతవా?" బేగం నమ్మలేదు. "మరి నీ మొగుడు?"

"వెనుక కూసుంటడు బేగం సాబ్."

ఆమె నవ్వింది. నవ్వి నవ్వి పాన్ రసం ఒంటి మీద పడకుండా కొంగు అడ్డం పెట్టుకుంది. అత్త వెల అడిగింది. బేగం చెయ్యి ఊపింది. "పైసలేం జేసుకుంట? ఆయన పోయినంక నేను గేటు దాటలె. మగ డ్రైవర్ తోని పోవద్దని మా ఇంట్ల కాయిదా. ఆడ డ్రైవర్ దునియాల లేదని కూసున్న. అది తీస్కపో. మంచిగైనంక నన్ను పెద్దగుట్ట దర్గాకు తీస్కపోవాలె. నువ్వే నడపాలె." కొంచెం ఆగి, "కోడిని మాత్రం లేపకుండ్రి" అంది.

అలా అత్త నెత్తిన రెండు భారాలు పడ్డాయి. ఒకటి తన కాలు, రెండోది ఇంకొకామె గేటు.

పని మొదలైన రోజు దొడ్లో అంగడి కూడింది. కారు కింద మనిషి పట్టేందుకు లోతు కావాలి కదా. మేస్త్రీ గుంత తవ్వాలన్నాడు. "తవ్విందున్నది గద" అని అత్త బెల్లం పొయ్యి చూపించింది. గుంతకు రెండు వైపులా టేకు దూలాలు పరిచి, కారును నెట్టి, పొయ్యికి సరిగ్గా పైన నిలబెట్టారు. చక్రాలకు రాళ్లు అడ్డం. మేస్త్రీ నిమ్మకాయ కోసి నాలుగు దిక్కులా విసిరాడు. గుంతలోకి నేను దిగుతానన్నాను. ఆడపిల్ల దిగడమేందని మామ, దిగనియ్యమని అత్త, ఇద్దరూ ఇంకా వాదించుకుంటుండగానే దిగేశాను. పాత మసి వాసన, కాలిన చక్కెర వాసన, పైనుంచి ఆముదం వాసన. ఇప్పటికీ ఆ మూడూ కలిసిన వాసన నాకు కలలో వస్తుంది.

మొదట నూనె తీయాలి. కింది బిరడా విప్పి, బెల్లం పెనం అడ్డం పెట్టాం. ఏం రాలేదు. కాసేపటికి ఒక చుక్క నెమ్మదిగా దిగి, తెగకుండా వేలాడింది. మాడిన ఆముదం, నల్లగా, మెరుస్తూ. అత్త పైనుంచి "ఇటియ్యి" అంది. గరిటెతో అందించాను. ఆమె బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య అంటించి, వేళ్లు విడదీసి చూసింది. ఏళ్ల తరబడి బెల్లం దింపిన చెయ్యి.

"తీగ పాకం" అంది. "ఇంకో వారం నడిపితె అచ్చుల పోస్తుంటిమి."

మేస్త్రీ నవ్వలేక దగ్గాడు. తర్వాత పని జోరందుకుంది. వెనుక చక్రాలకు పోయే పొడుగు ఇనుప గొట్టం ఊడదీశారు. కారు రెండు తలుపులూ తెరిచి, ఈ వైపు నుంచి ఆ వైపుకు దూలం వేసి, లోపల నేల మీది రేకు విప్పి, ఆ సందులోంచి గొలుసు దింపి గేరుబాక్సును పట్టారు. గొలుసు క్యాంపు వాళ్లది. చుట్టూ బోల్టులు విప్పుతుంటే మేస్త్రీ ఒక్కొక్కదానికీ ఒక్కొక్క నవాబు కథ చెప్పాడు. పాతది దిగి పెనంలో పరిచిన చెరుకాకు మీద కూర్చునేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. నూనె చల్లబడడానికి పోయే కూలర్ గొట్టాలన్నీ గ్యాసు నూనెతో, అదే కిరోసిన్‌తో, కడిగాం. అన్నం తిన్నాక బేగం ఇచ్చినదాన్ని ఎక్కించడం మొదలైంది. దాని మీద ఇంకా రెండు కోడి ఈకలు అంటుకుని ఉన్నాయి.

అదెక్కింది. ఎక్కి, ఇంజన్ దాకా పోయి, వేలెడు దూరంలో ఆగింది. ఇటు నెట్టారు, అటు నెట్టారు. కూర్చోదు. మేస్త్రీకి చెమటలు పట్టాయి. మామ గోనెసంచి దగ్గరికి పోయి నిలబడ్డాడు. సంచి అంచు కాస్త ఎత్తి లోపలికి చూశాడు. అది నాకింకా ఒళ్లు మండించింది.

"బోల్టులేసి బిగించి గుంజుత, రాక ఏడికి పోతది?" అని మేస్త్రీ పెద్ద పానా అందుకున్నాడు.

"ఆగు!" అత్త కర్ర పక్కన పడేసి, కారెక్కి, లోపలి నేల మీద చతికిలబడి, ఆ సందులోంచి కిందున్న నన్ను చూసింది. ఆమె ముఖం తలకిందులుగా కనబడింది. భయపడుతున్న అత్తను అదే మొదటిసారి చూడడం. "విమలా, ఇసుర్రాయి పైగుండు కీలు మీద కూసోకపోతె ఏం జేస్తవే?"

"పైన గుద్దను. జర తిప్పుత."

"తిప్పు మరి."

"అత్తా, ఇది ఇసుర్రాయి గాదు."

"గీ గుంతల నిలవడి గూడ వాదిస్తవానే? తిప్పు!"

ఇంజన్ వెనుక పళ్ల చక్రం నా చేతికందింది. రెండు చేతులా పట్టి తిప్పాను. పైనుంచి ఆమె గొలుసును అటూ ఇటూ ఊపింది, పైగుండును రెండు చేతులా ఊపినట్టే. ఏం కాలేదు. ఇంకొంచెం తిప్పాను. ఏం కాలేదు. నేను సైన్సు మాట మళ్లీ ఎత్తబోతుండగా లోపలెక్కడో మెత్తగా ఒక చప్పుడైంది, చెంచా గిన్నెలోకి జారినట్టు. వేలెడు సందు మూసుకుపోయింది. మేస్త్రీ వంగి చూసి, "నేను గూడ గదే చెప్పబోతున్న" అన్నాడు. మామ గోనెసంచి దగ్గర్నుంచి జరిగాడు. సిగ్గుపడ్డాడో, ఊపిరి పీల్చుకున్నాడో నాకు తెలియదు గానీ, లోపలికి పోయి అందరికీ తానే చాయ్ పెట్టించాడు.

ఎర్ర నూనె కోసం మాత్రం ఆగాం. చక్కెర లారీ బొంబాయి పోయి తిరిగొచ్చేదాకా కారు పొయ్యి మీదే ఉంది. డబ్బా వచ్చాక, మామ కంట పడకుండా, అత్త దాన్ని వాసన చూసి ముఖం చిట్లించింది. పోశారు. అత్త స్టీరింగ్ ముందు కూర్చుని ఇంజన్ స్టార్ట్ చేసింది. ఆమె కడ్డీని వెనక్కి వేసింది. కారు ఒళ్లు విరుచుకున్నట్టు కదిలి, పొయ్యి మీది నుంచి దూలాల మీదుగా మెల్లగా దిగి, నేల మీదికొచ్చింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అప్పుడలాంటి అలవాట్లు లేవు. ఒక ముసలి జీతగాడు మాత్రం, "ఇగ ఎత్తుడు తప్పింది" అన్నాడు. ఎవరికి తప్పిందో చెప్పలేదు.

ఇప్పుడు మా ఇంటి ముందు రెండు కార్లు నిలబడి ఉన్నాయి. ఏదన్నా టిక్కుమంటే కంపెనీ మనిషొచ్చి తీసుకుపోతాడు. మూత ఎత్తితే నల్ల డబ్బాలు తప్ప ఏమీ కనబడదు. ఆ రోజుల్లో అంతా బాగుండేదని నేననను. అనేవాళ్లతో పోట్లాడతాను కూడా. మనిషిని బస్తాలాగా ఎత్తేసిన రోజులవి. ఇప్పుడు నేను పాఠాలు చెప్పే కాలేజీలో నా ముందు కూర్చున్న ఆడపిల్లల్లో సగం మంది బండ్ల మీదే వస్తారు, అది చూసి నా కడుపు నిండుతుంది. కానీ వాళ్లు క్లాసు దాటి గేటు చేరేలోగా ఫోన్ మోగుతుంది. ఎక్కడున్నావ్, ఎటు పోతున్నావ్, ఎందుకు. నాకూ మోగుతుంది, యాభై దాటినదాన్ని. కూరగాయలకనో, కాలేజీకనో చెప్పేదాకా అవతలివాళ్లకు తృప్తి ఉండదు. ఎటో చెప్పకుండా నేనెన్నడన్నా బయటికి పోయానా అని ఆలోచిస్తే ఒక్కరోజూ గుర్తుకు రాదు. బండి ఉంది, కాళ్లున్నాయి, నోరు సంగతి మీకు తెలిసిందే.

బేగంను దర్గాకు తీసుకుపోయిన రోజు చెప్పి ముగిస్తాను. కారు వెనుక అద్దాలకు పరదాలు కట్టాం. బేగం నల్ల బురఖాలో వచ్చి వెనుక సీట్లో కూర్చుని, తొవ్వంతా పరదా అంచు వేలెడు జరిపి బయటికి చూసింది. నేను ముందు, అత్త పక్కన. పేరులోనే గుట్ట ఉన్నా, గుట్ట కిందికి చేరాక గానీ మాకు ఎవరికీ తట్టలేదు, దర్గా ఉన్నది గుట్ట మీద. బేగంకు మోకాళ్లు లేవు. అత్తకు కాలు లేదు. ఇద్దరూ కారులోంచి మెట్ల వంక చూశారు, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇన్నాళ్లు గుంతలో దిగి, పాకం తీసి చేసిందంతా మెట్ల కింద ఆగిపోయింది. నాకు ఏడుపొచ్చింది. బేగం మాత్రం పూల చాదరు నా చేతిలో పెట్టి, "పిల్లా, నువ్వు ఎక్కు. నా పేరు చెప్పు. జల్దీ రావద్దు" అంది.

ఎక్కాను. చాదరు ఇచ్చాను, పేరు చెప్పాను, చక్కెర ప్రసాదం తీసుకుని దిగాను. కింద కారు లేదు.

మెట్ల దగ్గర పూలమ్ముకునే ఆమెను అడిగితే, "గా పచ్చ కారా? పోయింది" అని చెయ్యి ఎటో ఊపింది. ఒక రాయి మీద కూర్చున్నాను. ఏ చెట్టుకో గుద్దారనుకున్నాను, నూనె కారిందనుకున్నాను, మామకు ఏం చెప్పాలో మాటలు కూర్చుకున్నాను. ఎండ తగ్గి, మేకలు ఇంటికి మళ్లే వేళకు దూరంగా దుమ్ము లేచింది. కారొచ్చి నా ముందు ఆగింది. ముందు సీట్లో, నా చోట్లో, బేగం కూర్చుని ఉంది. ముసుగు వెనక్కి వేసి ఉంది. ముఖం నిండా ఎర్ర దుమ్ము, ఒళ్లో ఎవరి చేన్లో విరిచారో రెండు చెరుకు గడలు. వెనుక పరదాలు రెండూ విప్పి, మడిచి, సీటు మీద పెట్టి ఉన్నాయి.

"ఎటు పోయిండ్రు అత్తా?" అని అరిచాను.

అత్త స్టీరింగ్ మీది చేతులు తీయలేదు. బేగం వైపు చూసింది. బేగం చెరుకు ముక్క కొరికి, పిప్పి కిటికీలోంచి ఉమ్మి, "ఎటు లేదు. ఊకనే" అంది. అని, వెనుక తలుపు చూపించి, "నువ్వు అండ్ల కూసో. ఇంకా జరంత దూరం పోయొస్తం" అంది.